నావకు విద్యుత్తు: బ్యాటరీలను కూర్చే విధానం

కేరళ రాష్ట్రంలో వేంబనాడు సరస్సు ఒడ్డున వైక్కం అనే పట్టణం ఉంది. 1924-25 సంవత్సరాలలో జరిగిన సత్యాగ్రహం వల్ల ఆ పేరు దేశమంతటికీ తెలుసు. ఆ పట్టణపు రేవు నుంచి అవతలి ఒడ్డున ఉన్న తవణక్కడవుకు పడవలో పావుగంట ప్రయాణం. ఉద్యోగులు, విద్యార్థులు, చేపల బుట్టలు మోసే స్త్రీలు నిత్యం ఆ నీటిని దాటుతూ ఉంటారు. 2017 జనవరిలో ఆ రేవులో ఒక కొత్త నావ ప్రవేశించింది. దాని పేరు ఆదిత్య. డెబ్బైఐదుగురిని ఎక్కించుకునే ఆ నావకు పొగగొట్టం లేదు, డీజిలు వాసన లేదు, ఇంజను మోత లేదు. పైకప్పు మీద పరచిన సౌరఫలకాలు సుమారు 20 కిలోవాట్ల విద్యుత్తును ఉత్పత్తి చేయగలవు. నీటిని తాకే రెండు పొడవాటి అడుగుదేహాలలో చెరొక విద్యుత్ మోటారు ఉంది. ఈ జంట దేహాల నావను ఆంగ్లంలో కేటమరాన్ అంటారు. ఆ మాట తమిళుల ‘కట్టుమరం’ నుంచి పుట్టింది. మన కోస్తా జాలరుల తెప్ప దానికి దగ్గరి చుట్టమే.

సౌరఫలకాలు అందరి కంటికీ కనిపిస్తాయి, అందరూ వాటి ఫొటోలే తీసుకుంటారు. నావను నిజంగా నడిపేది మాత్రం కంటికి కనపడని చోట ఉంది. మబ్బు కమ్మినప్పుడూ, ఉదయపు తొలి ప్రయాణంలోనూ, ఎదురుగాలి వీచినప్పుడూ మోటార్లకు శక్తినిచ్చేది బ్యాటరీల సముదాయమే. ఆదిత్యలో దాని సామర్థ్యం సుమారు 50 కిలోవాట్-గంటలు, అనగా మన ఇంటి మీటరు లెక్కలో 50 యూనిట్లు. సూర్యుడు ముఖం చూపని వేళ 20 కిలోవాట్ల చొప్పున వాడుతూ పోతే అది రెండున్నర గంటలలో పూర్తిగా ఖాళీ అవుతుంది. అంతవరకూ రానివ్వరు గనుక, ఉపయోగించదగిన కాలం ఇంకా తక్కువ. ఈ పరిమితమైన నిధిని తీగలతో ఏ విధంగా కూర్చాలి, ఆ కూర్పులో పొరపాటు జరిగితే నీటి మధ్యన ఏమవుతుంది అనేదే ఈ వ్యాసంలోని విషయం.

విద్యుత్తుతో పడవ నడపడం కొత్త ఆలోచన కాదు. 1838లో రష్యా దేశంలో యాకోబీ అనే శాస్త్రజ్ఞుడు సెంట్ పీటర్స్‌బర్గ్ నగరపు నేవా నదిలో పన్నెండు పద్నాలుగు మందిని ఎక్కించుకుని విద్యుత్ పడవ నడిపి చూపాడు. అతనికి శక్తినిచ్చినవి జస్తం, రాగి పలకలతో చేసిన మూడు వందలకు పైగా ఘటాలు. జస్తం కరిగిపోతున్నంతసేపే పడవ కదిలేది. బొగ్గుకంటె జస్తం ఎంతో ఖరీదు గనుక ఆ ప్రయోగం అక్కడే ఆగింది. 1859లో ఫ్రాన్సులో ప్లాంటే అనే శాస్త్రజ్ఞుడు, ఖాళీ అయిన తరువాత తిరిగి నింపుకొనగల సీసపు బ్యాటరీని రూపొందించాడు. 1881లో ఆ దేశానికే చెందిన గుస్తావ్ ట్రూవే పారిస్‌లోని సేన్ నదిలో తన విద్యుత్ పడవను నడిపాడు. 1893లో చికాగో నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో యాభైకి పైగా విద్యుత్ పడవలు సందర్శకులను తిప్పాయి. తరువాత పెట్రోలు ఇంజను వచ్చి వాటన్నిటినీ మరుగున పడవేసింది. ట్రూవే పేరిట నెలకొల్పిన అంతర్జాతీయ పురస్కారం 2020లో మన ఆదిత్యకు లభించడం సంతోషకరమైన విషయం.

ఇక అసలు విషయానికి వద్దాం. తేలికగా ఉండేందుకు ఒక చిన్న పడవను తీసుకుందాం. పది పన్నెండు మంది కూర్చునే పడవ, 4.8 కిలోవాట్ల మోటారు. మన దగ్గర మోటారు వాహనాల దుకాణంలో దొరికే తరహాలో 12 ఓల్టుల బ్యాటరీలు ఎనిమిది ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కటి 100 ఆంపియర్-గంటలది. ఒక్కొక్క దానిలో రెండు ఓల్టుల ఘటాలు ఆరేసి ఉంటాయి. (ఘటమంటే కుండ. తొలినాటి ఘటాలు నిజంగానే గాజు కుండలు, మట్టి కుండలు. మన పాఠ్యపుస్తకాల వారు ఆ మాటను ఎన్నుకోవడంలో గొప్ప ఔచిత్యం ఉంది.)

వీటిని కూర్చడానికి రెండు పద్ధతులున్నాయి. ఒక బ్యాటరీ ధన ధ్రువాన్ని పక్కదాని ఋణ ధ్రువానికి, దాని ధన ధ్రువాన్ని ఆ పక్కదాని ఋణ ధ్రువానికి కలుపుతూ పోతే అది శ్రేణి సంధానం. ధన ధ్రువాలన్నిటినీ ఒకచోటికి, ఋణ ధ్రువాలన్నిటినీ మరొకచోటికి చేరిస్తే అది సమాంతర సంధానం. హిందీ పాఠ్యగ్రంథాలలోనూ వీటిని శ్రేణీక్రమం, సమాంతర క్రమం అనే అంటారు. అనువాదకునికి ఇంత సులభంగా చేతికి అందే పదాలు అరుదు. శ్రేణిలో ఓల్టేజి కూడుతుంది, ఆంపియర్-గంటలు మారవు. సమాంతరంలో ఆంపియర్-గంటలు కూడుతాయి, ఓల్టేజి మారదు. నాలుగేసి బ్యాటరీలను శ్రేణిలో కూర్చి రెండు వరుసలు చేసి, ఆ రెండు వరుసలను సమాంతరంగా కలిపితే 48 ఓల్టుల, 200 ఆంపియర్-గంటల సముదాయం తయారవుతుంది. ఎనిమిదింటినీ సమాంతరంగానే కలిపితే 12 ఓల్టులు, 800 ఆంపియర్-గంటలు. రెండిటిలోనూ నిలవ ఉన్న శక్తి ఒక్కటే, 9.6 కిలోవాట్-గంటలు. మరి 48 ఓల్టులనే ఎందుకు కోరుకుంటారు?

కారణం తీగలో ఉంది. 4.8 కిలోవాట్ల మోటారుకు 48 ఓల్టుల వద్ద 100 ఆంపియర్ల ప్రవాహం చాలు. 12 ఓల్టుల వద్ద 400 ఆంపియర్లు కావాలి. బ్యాటరీల నుంచి మోటారు వరకు మూడు మీటర్ల దూరం ఉందనుకుంటే, పోవడానికి, రావడానికి కలిపి ఆరు మీటర్ల రాగితీగ పడుతుంది. 35 చదరపు మిల్లీమీటర్ల తీగను వేస్తే, ఆ ఆరు మీటర్ల నిరోధం సుమారు 0.003 ఓములు. అది లెక్కలోకి రానంత చిన్న సంఖ్యగా కనిపిస్తుంది. కాని 100 ఆంపియర్లు ప్రవహించినప్పుడు తీగలో వేడిగా మారి వృథా అయ్యే శక్తి 30 వాట్లు, అనగా ఒక చిన్న బల్బు పాటి. అదే తీగలో 400 ఆంపియర్లు ప్రవహిస్తే వృథా నాలుగు రెట్లు కాదు, పదహారు రెట్లు, 480 వాట్లు. మోటారుకు చేరవలసిన దానిలో పదోవంతు దారిలోనే పోతుంది. 480 వాట్లంటే ఇస్త్రీపెట్టె పాటి వేడి. ఆ ఇస్త్రీపెట్టె చెక్కపడవ అడుగున, ప్రయాణికుల కాళ్ల కింద, ప్రయాణం సాగినంతసేపూ కాగుతూ ఉంటుంది. ప్రవాహపు వర్గాన్ని అనుసరించి వేడి పెరుగుతుందన్న జౌల్ నియమాన్ని విద్యార్థులు పరీక్ష కోసం కంఠస్థం చేస్తారు. దాని అర్థం ఇది.

ఐతే ఓల్టేజిని ఇష్టం వచ్చినంత పెంచుకుంటూ పోవచ్చునా? పెద్ద నావలలో కొన్ని వందల ఓల్టులు వాడతారు. కాని తడిచేతులతో, ఉప్పునీటిలో పనిచేసే చోట ఏకముఖ విద్యుత్తు 60 ఓల్టులు దాటితే ప్రాణాపాయం దగ్గరవుతుంది. చిన్న పడవలకు 48 ఓల్టులు వాడుకలో నిలబడడానికి ఇదొక ముఖ్య కారణం.

సమాంతర సంధానంలో ఒక సూక్ష్మం ఉంది. దానిని చాలామంది పనివారు పట్టించుకోరు. నాలుగు బ్యాటరీలను పక్కపక్కన పెట్టి సమాంతరంగా కలిపారనుకోండి. మోటారుకు పోయే రెండు తీగలను మొదటి బ్యాటరీ ధ్రువాల నుంచే తీసుకోవడం చూడడానికి ముచ్చటగా ఉంటుంది, తీగ కూడా ఆదా అవుతుంది. కాని నాలుగవ బ్యాటరీ నుంచి బయలుదేరిన విద్యుత్తు మూడు జతల అతుకు తీగలను దాటి రావలసి ఉంటుంది. మొదటి దానికి ఆ బెడద లేదు. ఒక్కొక్క బ్యాటరీ అంతర్నిరోధం 0.005 ఓములు, ఒక్కొక్క అతుకు తీగ నిరోధం 0.0005 ఓములు అనుకుని లెక్క వేసి చూశాను. మోటారు 100 ఆంపియర్లు కోరినప్పుడు మొదటి బ్యాటరీ సుమారు 39, రెండవది 26, మూడవది 19, నాలుగవది 16 ఆంపియర్లు ఇస్తాయి. ఉమ్మడి కుటుంబంలో గుమ్మానికి దగ్గరగా ఉన్నవానికే పనులన్నీ చెప్పినట్లు, మొదటి బ్యాటరీ మీదే భారమంతా పడుతుంది. ఛార్జింగు చేసేటప్పుడు కూడా ఇదే వివక్ష సాగుతుంది. కొద్ది నెలలలో మొదటిది చెడిపోతుంది. యజమాని బ్యాటరీ కంపెనీని తిడతాడు.

దీనికి విరుగుడు అతి సులువైనది. ధన తీగను మొదటి బ్యాటరీ నుంచి, ఋణ తీగను చివరి బ్యాటరీ నుంచి, అనగా ఐమూలగా తీసుకోవాలి. అప్పుడు ఏ బ్యాటరీ నుంచి బయలుదేరినా విద్యుత్తు దాటవలసిన అతుకుల సంఖ్య ఒక్కటే అవుతుంది. పై లెక్కనే మళ్లీ వేస్తే రెండు చివరలా ఉన్నవి 27 ఆంపియర్ల చొప్పున, నడుమ ఉన్నవి 23 ఆంపియర్ల చొప్పున ఇస్తాయి. పూర్తి సమానత్వం కాకపోయినా తేడా మునుపటితో పోలిస్తే స్వల్పం. ఇంకా ఖచ్చితం కావాలనుకునేవారు ప్రతి బ్యాటరీ నుంచి ఒకే పొడవు గల తీగలను తెచ్చి లావుపాటి రాగిపట్టీ మీద బిగిస్తారు. మన పడవలోలాగా నాలుగేసి బ్యాటరీలు శ్రేణిలో ఉన్న వరుసలను సమాంతరంగా కలిపేటప్పుడు ఈ తేడా తగ్గుతుంది, ఎందుకంటే వరుస మొత్తం అంతర్నిరోధం ఎక్కువ. అయినా ఐమూల పద్ధతికి అదనపు ఖర్చేమీ లేదు గనుక దానిని విడిచిపెట్టడానికి కారణం కనిపించదు.

ఎనిమిది బ్యాటరీలను మరొక విధంగానూ కూర్చవచ్చు. ముందు రెండేసి చొప్పున సమాంతరంగా జతలు కట్టి, ఆ నాలుగు జతలను శ్రేణిలో కలపవచ్చు. ఓల్టులు, ఆంపియర్-గంటలు మారవు. కాని నీటి మీద మొదటి పద్ధతే మేలని నా అభిప్రాయం. రెండు వరుసలకూ వేరువేరు ఫ్యూజులు, వేరువేరు స్విచ్చిలు పెట్టుకోవచ్చు. ఒక వరుసలో లోపం వస్తే దానిని తెంచివేసి, రెండవ వరుసతో మెల్లగా ఒడ్డు చేరవచ్చు. జతలు కట్టిన పద్ధతిలో ఒక్క జత దెబ్బతిన్నా పడవ మొత్తం నిలిచిపోతుంది.

పడవ నిలిచిపోవడం ఎలా ఉంటుందో నేను ఒకసారి చూశాను. ఒక జలాశయంలో విహారానికి ఎక్కిన చిన్న విద్యుత్ పడవ సగం దూరంలో ఆగిపోయింది. గాలి మమ్మల్ని మెల్లగా ఆనకట్ట వైపు నెట్టుతూ ఉంది. పడవలో ఒకే తెడ్డు ఉంది. నడిపేవాడు యువకుడు, పీటలు ఎత్తి బ్యాటరీలను తాకి చూసి వెంటనే చేయి వెనక్కు తీసుకున్నాడు. ఒకటి కాలిపోతున్నంత వేడిగా ఉంది. తరువాత తెలిసిన సంగతి ఏమంటే, వారం కిందట నాలుగింటిలో మూడింటిని కొత్తవి వేసి, ‘ఇంకా బాగానే ఉంది’ అని నాలుగవ పాతదానిని అలాగే ఉంచారు. శ్రేణిలో అన్నిటి గుండా ఒకే ప్రవాహం పోతుంది. బలహీనమైన ఘటం ముందుగా ఖాళీ అవుతుంది. అయినా మిగిలినవి దాని గుండా బలవంతంగా ప్రవాహాన్ని నెట్టుతూనే ఉంటాయి. అప్పుడు దాని ధ్రువాలు తలకిందులై, శక్తిని ఇవ్వవలసినది శక్తిని మింగుతూ వేడెక్కుతుంది. అందుచేత ఒక సముదాయంలోని బ్యాటరీలన్నీ ఒకే తరహావి, ఒకే సామర్థ్యం గలవి, ఒకే వయసువి కావాలి. ఆనాడు మరొక పడవ వచ్చి తాడు అందించింది గనుక ఈ సంగతి తీరికగా వ్రాయగలుగుతున్నాను.

ఇక రక్షణ సాధనాలు. నింపిన 12 ఓల్టుల బ్యాటరీ రెండు ధ్రువాలను పొరపాటున ఒక స్పానరుతో కలిపితే, పై అంతర్నిరోధం లెక్క ప్రకారం 2,500 ఆంపియర్ల ప్రవాహం ఒక్కసారిగా పరుగెత్తుతుంది. స్పానరు ఎర్రగా కాగి అతుక్కుపోతుంది. అనుభవం గల పనివారు పని మొదలు పెట్టే ముందు వేలి ఉంగరాన్ని, చేతి గడియారాన్ని తీసి జేబులో వేసుకునేది అందుకే. బంగారం రాగి తరువాత చెప్పుకోదగిన మంచి వాహకం. ఆ ఉంగరం అడ్డుపడితే వేలు దక్కదు. స్పానరు పిడికి రబ్బరు గొట్టమో, టేపో చుట్టి ఉంచుకోవాలి. తీగలు బిగించేటప్పుడు శ్రేణిలోని చివరి అతుకును అన్నిటికంటె చివరనే కలపాలి.

ప్రతి వరుసకూ ధన ధ్రువానికి వీలైనంత దగ్గరలో ఒక ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు మోటారును కాపాడడానికని చాలామంది అనుకుంటారు. అది కాపాడేది తీగను. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఉన్న తీగ ఎక్కడైనా ఒరుసుకుని రెండవ ధ్రువాన్ని తాకితే దానిని ఆపేవారు ఎవరూ ఉండరు, కాబట్టి ఆ ముక్క ఎంత పొట్టిదైతే అంత మేలు. ఫ్యూజు, స్విచ్చి కొనేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం. మన ఇళ్లకు వచ్చే ఏకాంతర విద్యుత్తు సెకనుకు నూరుసార్లు శూన్యాన్ని దాటుతుంది, అందువల్ల స్విచ్చి తెరిచినప్పుడు పుట్టిన మెరుపు వెంటనే ఆరిపోతుంది. బ్యాటరీ ఇచ్చే ఏకముఖ విద్యుత్తుకు అటువంటి విరామం లేదు. మెరుపు వంతెన కట్టి, లోహాన్ని కరిగిస్తూ నిలిచి ఉంటుంది. ఇంటి స్విచ్చిని పడవలో బిగించిన వారు ఆపదలో దానిని తిప్పినా ప్రవాహం ఆగకపోవచ్చు. ఏకముఖ విద్యుత్తుకని ప్రత్యేకంగా చేసిన వాటినే వాడాలి. వాటి ధర ఎక్కువే. దానికి మరో దారి లేదు. ప్రధాన స్విచ్చి నడిపేవాని చేతికి అందే చోట ఉండాలి, బ్యాటరీల పెట్టె మూత తెరిస్తే గాని దొరకని చోట కాదు.

కారులో ఇనుప చట్రాన్నే తిరుగు తీగగా వాడుకుంటారు. ఆ అలవాటును పడవలోకి తీసుకురాకూడదు. పడవ లోహపు దేహం గుండా ప్రవాహం నడిస్తే, అందులో కొంత నీటిలోకి జారి, దేహాన్నీ, చోదక చక్రాన్నీ, మరలనూ కొద్దికొద్దిగా తినివేస్తుంది. పైకి రంగు చెక్కుచెదరకుండానే లోపల లోహం జల్లెడ అవుతుంది. అందుచేత రెండు ధ్రువాలకూ రెండు పూర్తి తీగలు, రెండిటికీ సరైన తొడుగు ఉండాలి. సముద్రపు గాలికి రాగి పచ్చని చిలుము పడుతుంది, ఆ చిలుము నిరోధాన్ని పెంచుతుంది, నిరోధం వేడిని పెంచుతుంది. కళాయి పూసిన రాగితీగలు, ఒత్తి బిగించిన కొసలు, వాటిపై పలుచగా పూసిన వాసెలిన్ ఈ చక్రాన్ని ఆపుతాయి. వట్టి చేతులతో మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు ఇంట్లో పదేళ్లు నిలవవచ్చు, పడవ అదురుకు ఒక వర్షాకాలం నిలవదు.

సీసపు బ్యాటరీల విషయంలో గాలి ప్రసారాన్ని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఛార్జింగు చివరి దశలో వాటిలోని నీరు ఉదజని, ఆమ్లజని వాయువులుగా విడిపోతుంది. మన 48 ఓల్టుల వరుసలో 24 ఘటాలున్నాయి. ఆ స్థితిలో 10 ఆంపియర్లు ఒక గంటసేపు ప్రవహిస్తే సుమారు 100 లీటర్ల ఉదజని వెలువడుతుంది. గాలిలో ఉదజని నూటికి నాలుగు పాళ్లు చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది, అంటే ఆ 100 లీటర్లు 2,500 లీటర్ల గాలిని ప్రమాదకరం చేయడానికి చాలును. చిన్న పడవ అడుగుభాగంలో మూసిన చోటు అంతకన్న ఎక్కువ ఉండదు. ఉదజని గాలికన్న ఎంతో తేలిక గనుక పైకి పోతుంది. కాబట్టి పెట్టెకు గాలి రంధ్రం కప్పు దగ్గర ఉండాలి, అడుగున ఉంటే ప్రయోజనం లేదు. నిప్పురవ్వ పుట్టించగల స్విచ్చిలు, ఫ్యూజులు పెట్టెకు వెలుపల, కాని అతి సమీపంలో ఉండాలి. అడుగున చేరే మురుగునీటికి అందనంత ఎత్తులో బ్యాటరీలను నిలపాలి. ఉప్పునీరు వాటిలోకి చొరబడితే విషవాయువైన క్లోరిన్ పుడుతుంది. ఒక్కొక్కటి సుమారు 30 కిలోల బరువు గనుక ఎనిమిదింటికి 240 కిలోలు అవుతుంది. ఆ బరువు పడవ నడిమిరేఖకు ఇరువైపులా సమంగా ఉండి, పడవ ఒరిగినా కదలకుండా పట్టీలతో బిగించి ఉండాలి. ఒకవైపుకు దొర్లిన బ్యాటరీ పడవను తిరగవేయగలదు.

బ్యాటరీ మీద అచ్చు వేసిన 100 ఆంపియర్-గంటలు అనే సంఖ్యను నమ్మి ప్రయాణం లెక్క వేయరాదు. సీసపు బ్యాటరీ సామర్థ్యాన్ని సాధారణంగా ఇరవై గంటలలో, గంటకు 5 ఆంపియర్ల చొప్పున తీసుకుంటే వచ్చేదిగా ముద్రిస్తారు. మన మోటారు నిండు వేగంతో ఒక్కొక్క వరుస నుంచి 50 ఆంపియర్లు లాగుతుంది. అంత తొందర పెడితే బ్యాటరీ తన సామర్థ్యంలో చాలా భాగాన్ని ఇవ్వలేదు. పైగా సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే సీసపు బ్యాటరీ ఆయుర్దాయం బాగా తగ్గుతుంది. ఈ రెండిటినీ కలిపి చూస్తే నిండు వేగంతో ఒక గంట కూడా క్షేమంగా పోలేము. నిరుత్సాహపడనక్కరలేదు. నీటిలో పోయే పడవకు కావలసిన శక్తి వేగపు ఘనాన్ని అనుసరించి ఉంటుంది. వేగాన్ని సగం చేస్తే కావలసిన శక్తి దాదాపు ఎనిమిదో వంతుకు, మన పడవలో 600 వాట్లకు, దిగుతుంది. అప్పుడు సగం నిధితోనే ఎనిమిది గంటలు నడవవచ్చు. వేగం సగమైనా కాలం ఎనిమిది రెట్లు గనుక దూరం నాలుగు రెట్లు. విద్యుత్ పడవ నడిపేవానికి ఈ లెక్క తెలియడం ఎంత ముఖ్యమో, బస్సు నడిపేవానికి బ్రేకు ఎక్కడుందో తెలియడం అంత ముఖ్యం.

ఆదిత్య వంటి నేటి నావలలో సీసం స్థానాన్ని లిథియం బ్యాటరీలు ఆక్రమించాయి. అదే శక్తికి వాటి బరువు సగానికన్న తక్కువ. వందల మార్లు కాక వేల మార్లు నింపి వాడుకోవచ్చు. లిథియం ఇనుప ఫాస్ఫేటు ఘటానికి 3.2 ఓల్టులు, పదహారింటిని శ్రేణిలో కూర్చితే 51.2 ఓల్టులు. 2023 ఏప్రిల్ 25న ప్రారంభమైన కొచ్చి జల మెట్రో నావలను కేంద్ర ప్రభుత్వ రంగానికి చెందిన కొచ్చిన్ నౌకానిర్మాణ కేంద్రం నిర్మించింది. వాటిలో లిథియం టైటనేట్ అనే మరొక తరహా వాడారు. దాని ధర, బరువు ఎక్కువైనా అది అతి త్వరగా నిండుతుంది. ప్రయాణికులు దిగి ఎక్కే పది పదిహేను నిమిషాలలో రేవులోనే ఛార్జింగు ముగించవచ్చు.

లిథియం బ్యాటరీని సీసపు దానిలాగా మొరటుగా వాడడానికి వీలులేదు. ప్రతి ఘటపు ఓల్టేజినీ, వేడినీ ఒక ఎలక్ట్రానిక్ పర్యవేక్షక యంత్రాంగం అనుక్షణం గమనిస్తూ, హద్దు మీరితే సముదాయాన్ని మోటారు నుంచి తెంచివేస్తుంది. రోడ్డు మీద వాహనానికి ఇది మంచిదే. సుడిగుండం పక్కన పోతున్న పడవకు అకస్మాత్తుగా మోటారు ఆగడమే ఒక ప్రమాదం. అందుచేత నావలలో ఈ యంత్రాంగం తెంచడానికి ముందు గంట మోగించి హెచ్చరించే ఏర్పాటు, ఒకటి తెగినా మరొకటి నడిపే విధంగా రెండు వేరువేరు సముదాయాలు ఉండాలి. నిర్లక్ష్యం చేస్తే లిథియం అగ్ని ఎంత మొండిదో 2019 అక్టోబరులో నార్వే దేశంలో తెలిసింది. అక్కడి ఒక ఫెర్రీ నావలో బ్యాటరీలను చల్లబరిచే ద్రవం కారి నిప్పు పుట్టింది. మంటలు ఆరాయనుకున్న మరునాడు అదే గదిలో వాయువులు పేలాయి. ప్రాణనష్టం జరగలేదు. ఆ దేశం విద్యుత్ నావలను మానుకోలేదు, గదుల నిర్మాణాన్నీ, అగ్నిమాపక దళాల శిక్షణనూ సవరించుకుంది.

తీగల కూర్పు పూర్తయిన తరువాత మొదటి పరీక్షను పడవను రేవుకు బలమైన తాళ్లతో కట్టివేసి చేయాలి. మోటారును నడిపే నియంత్రికలో శక్తిని క్షణంలో పీల్చుకునే పెద్ద ధారకాలు ఉంటాయి. స్విచ్చి వేయగానే అవి ఒక్కసారిగా ప్రవాహాన్ని లాగి స్విచ్చి కొసలను కాల్చకుండా, ముందు ఒక నిరోధకం గుండా కొద్దిగా నింపి, తరువాతనే ప్రధాన స్విచ్చి వేయాలి. మోటారును సగం శక్తితో పావుగంట నడిపించి, మీటరుతో ఒక్కొక్క బ్యాటరీ ఓల్టేజి విడివిడిగా చూసి కాగితం మీద వ్రాసుకోవాలి. మిగిలిన వాటికన్న ఏదైనా పావు ఓల్టు తక్కువ చూపితే అది బ్యాటరీ లోపమో, అతుకు లోపమో తేల్చుకోవాలి. సీసపు బ్యాటరీలైతే హైడ్రోమీటరుతో ప్రతి ఘటంలోని ఆమ్లపు విశిష్ట సాంద్రతను కొలవాలి. పూర్తిగా నిండిన ఘటంలో అది 1.26 దగ్గర ఉంటుంది. ఆ తరువాత మోటారు ఆపి, ప్రధాన స్విచ్చి తీసివేసి, ప్రతి అతుకునూ పైనున్న తొడుగు మీదుగా చేతి వెనుకభాగంతో తాకి చూడాలి. చల్లగా ఉన్నవి సరిగా బిగిసినవి. గోరువెచ్చగా తగిలిన దానిని విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించి, పరీక్షను మొదటి నుంచి ప్రారంభించాలి. అన్నీ చల్లగా ఉన్న రోజున తాడు విప్పవచ్చు, తెడ్లు మాత్రం పడవలోనే ఉంచుకోవాలి.